దెబ్బతిన్న మృదులాస్థికి కృత్రిమ పదార్థాలు

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పెద్దవాళ్లెవరైనా మోకాళ్ల నొప్పులకు డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చి, "గుజ్జు అరిగిపోయిందట" అని చెప్పడం మీరు వినే ఉంటారు. ఈ పాఠాన్ని ఆ మాటతోనే మొదలుపెడదాం. ఆ మాటలో సగం నిజం ఉంది, సగం తప్పుదారి పట్టించేది ఉంది. అరిగిపోవడం నిజమే. కానీ గుజ్జు అనగానే మనకు మామిడిపండు గుజ్జో, చింతపండు గుజ్జో గుర్తొస్తుంది. మెత్తగా, జారుగా ఉంటుందని, తగ్గితే మళ్లీ పోసుకోవచ్చని అనిపిస్తుంది. మోకాలిలో నిజంగా ఉన్నది అలాంటిది కాదు.

మటన్ కొట్టులో మేక కాలు కొట్టేటప్పుడు కీలు విడిపోయిన చోట ఎముక చివరను ఒకసారి గమనించండి. నీలిఛాయ కలిసిన తెలుపులో మెరుస్తూ ఒక పలుచని పొర కనిపిస్తుంది. వేలు పెడితే జారుతుంది, గోటితో నొక్కితే ఏ కొంచెమో లొంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అదే మృదులాస్థి. కీళ్లలో ఉండే రకాన్ని కాచాభ మృదులాస్థి అంటారు, గాజులా మెరుస్తుంది కనుక. మన మోకాలిలో దీని మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే. ఇంత పలుచని పొరకు సాటి వచ్చే పదార్థాన్ని తయారుచేయడానికి రసాయన శాస్త్రవేత్తలు, వైద్యులు దాదాపు డెబ్భై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. అది ఎందుకంత కష్టమైందో, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నీటిని పట్టి ఉంచే వల

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 60 కిలోల బరువున్న మనిషి మామూలుగా నడుస్తున్నప్పుడు, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద శరీర బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల బలం పడుతుంది. మూడు రెట్లు అనుకుంటే 180 కిలోల బరువు, అంటే సుమారు 1800 న్యూటన్లు. ఈ బలం 10 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం మీద పడుతుందనుకుందాం. అప్పుడు పీడనం 1.8 మెగాపాస్కల్ అవుతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి పీడనం సుమారు 0.2 మెగాపాస్కల్. అంటే మీరు కూరగాయల బజారుకు నడిచి వెళ్తున్నంతసేపూ ఆ పలుచని పొర కారు టైరుకు తొమ్మిది రెట్ల పీడనాన్ని అడుగడుగునా భరిస్తోందన్నమాట. సాధారణంగా తిరిగే మనిషి ఒక్కో కాలు ఏడాదికి పది లక్షల అడుగుల దాకా వేస్తుంది.

ఇంత బరువు మోసే పొరలో ఎక్కువ భాగం ఏమిటో తెలుసా? నీరు. మృదులాస్థి బరువులో 65 నుంచి 80 శాతం నీరే. మిగిలినదానిలో ముఖ్యమైనవి రెండు: కొల్లాజెన్ అనే ప్రోటీన్ తంతువులు, ప్రోటియోగ్లైకాన్లు అనే పెద్ద అణువులు. కాచాభ మృదులాస్థిలో ఉండేది ప్రధానంగా రెండో రకం కొల్లాజెన్. ఈ రకాన్ని గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరమవుతుంది.

సబ్జా గింజలను నీళ్లలో వేసి చూసినవారికి ఈ అమరిక సులువుగా అర్థమవుతుంది. నిమిషాల్లో గింజ చుట్టూ నీటిని పట్టుకున్న ఒక మెత్తటి పొర ఉబ్బుతుంది. ప్రోటియోగ్లైకాన్లు కూడా ఇలాగే నీటిని లాక్కుంటాయి. వాటి మీద రుణావేశాలు దట్టంగా ఉంటాయి. ఆ ఆవేశాలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ, ధన అయాన్లను, వాటితోపాటు నీటిని లోపలికి రప్పిస్తాయి. సబ్జా గింజకు అడ్డు లేదు కనుక ఉబ్బినంత ఉబ్బుతుంది. మృదులాస్థిలో మాత్రం కొల్లాజెన్ తంతువుల వల ఆ ఉబ్బును బిగించి పట్టుకుంటుంది. ఉబ్బాలని చూసే జెల్, ఉబ్బనివ్వని వల. ఈ రెండింటి పెనుగులాటే మృదులాస్థి గట్టిదనానికి మూలం.

ఇక్కడ కాలం కూడా లెక్కలోకి వస్తుంది. అడుగు పడిన క్షణంలో నీరు బయటికి పోవాలని చూస్తుంది, కానీ అందులోని రంధ్రాలు అతి సూక్ష్మమైనవి కావడం వల్ల వెంటనే పోలేదు. దాంతో ఆ క్షణంలో బరువులో అత్యధిక భాగాన్ని మోసేది పీడనానికి లోనైన నీరే, ఘనపదార్థం కాదు. చాలాసేపు కదలకుండా నిలబడితే నీరు నెమ్మదిగా జారుకుని బరువు వలమీదికి మళ్లుతుంది. కూర్చుంటే, పడుకుంటే నీరు తిరిగి చేరుతుంది. రెండు మృదులాస్థి తలాల మధ్య ఘర్షణ అతి తక్కువగా ఉండటానికీ ఈ నీటి పొరే ముఖ్య కారణం. ఉక్కు మీద టెఫ్లాన్ జారినప్పుడు ఘర్షణ గుణకం 0.04 దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కీలులో అది అంతకంటే తక్కువ.

తనంతట తాను ఎందుకు మానదు?

చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. మృదులాస్థికి ఆ అదృష్టం లేదు. ఈ సంగతిని 1743లో లండన్‌లో విలియం హంటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలోనే నమోదు చేశాడు. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నాడులు లేవు. రక్తం రాదు కాబట్టి గాయం మానడానికి కావలసిన కణాలు రావు. నాడులు లేవు కాబట్టి మొదట్లో నొప్పి కూడా తెలియదు. లోపల ఉన్న కొద్దిపాటి మృదులాస్థి కణాలు తమ చుట్టూ ఉన్న వలలో ఇరుక్కుని ఉంటాయి, గాయం దగ్గరికి కదిలి వెళ్లలేవు.

గాయం కింద ఉన్న ఎముక దాకా దిగితే కథ కొంచెం మారుతుంది. మజ్జ నుంచి కణాలు పైకి వచ్చి ఆ గుంటను నింపుతాయి. అమెరికాలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు 1980లలో దీన్నే ఒక చికిత్సగా మలిచాడు. గుంట అడుగున ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు, దీన్ని మైక్రోఫ్రాక్చర్ అంటారు. గుంట నిండుతుంది కానీ నిండేది కాచాభ మృదులాస్థి కాదు, తంతుయుత మృదులాస్థి. అందులో ఎక్కువగా ఉండేది మొదటి రకం కొల్లాజెన్, అంటే చర్మంలో, స్నాయువుల్లో ఉండేది. సిమెంటు రోడ్డు గుంటను మట్టితో పూడ్చినట్టు, కొంతకాలం పనిచేసి తరువాత అరిగిపోతుంది.

మరో దారిలో స్వీడన్ పరిశోధకులు వెళ్లారు. రోగి మోకాలి నుంచే కొద్దిగా మృదులాస్థి తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో పెంచి, మళ్లీ గుంటలో పెట్టారు. 1994లో వారు ప్రచురించిన ఫలితాల్లో 23 మంది రోగులున్నారు. తొడ ఎముక చివర గుంట ఉన్న 16 మందిలో 14 మందికి ఫలితం బాగుంది. మోకాలి చిప్ప వెనుక గుంట ఉన్న ఏడుగురిలో ఇద్దరికే బాగుంది. ఒకే చికిత్స, ఒకే కీలు, అయినా చోటు మారితే ఫలితం మారింది. ఇది మంచి మార్గమే కానీ రెండు ఆపరేషన్లు కావాలి, వారాల తరబడి కణాలు పెంచాలి, ఖర్చు ఎక్కువ. అందుకే, కణాలతో పని లేకుండా అల్మరాలోంచి తీసి పెట్టగల పదార్థం ఉంటే ఎంత బాగుండును అన్న ఆశ ఎప్పుడూ చావలేదు.

టెఫ్లాన్ కథ

ఆ ఆశతో మొదట గట్టిగా ప్రయత్నించినవారిలో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ చార్న్‌లీ ఒకడు. నేటి తుంటి కీలు మార్పిడికి పితామహుడిగా పేరుపొందిన వ్యక్తి. 1950లలో యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసిన తుంటి బంతి పెట్టించుకున్న ఒక రోగికి నడిచినప్పుడల్లా కీలు కిర్రుమని చప్పుడు చేస్తోందని అతనికి తెలిసింది. తలుపు బందుకు నూనె వేయకపోతే వచ్చే చప్పుడులాంటిది. ఆ చప్పుడంటే ఘర్షణ ఎక్కువని అర్థం. సరే, ఘర్షణ అతి తక్కువగా ఉన్న ప్లాస్టిక్ ఏది అని వెతికితే టెఫ్లాన్ దొరికింది. రసాయనికంగా దేనితోనూ చర్య జరపదు, జారుడుగుణంలో మేటి. చార్న్‌లీ తొలి ప్రయత్నంలో కీలులోని రెండు తలాలకూ పలుచని టెఫ్లాన్ తొడుగులు తొడిగాడు. మృదులాస్థి స్థానంలో కృత్రిమ మృదులాస్థి అన్నదే ఆలోచన. అది విఫలమయ్యాక లోహపు బంతి, టెఫ్లాన్ గిన్నె అమర్చడం మొదలుపెట్టాడు. రోగులకు నొప్పి పోయింది. సుమారు 300 మందికి ఆపరేషన్లు జరిగాయి.

రెండు మూడేళ్లు తిరిగేసరికి గిన్నెలు అరిగిపోయాయి, కీళ్లు వదులయ్యాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది అరిగిన పొడి. పెద్ద ముక్కగా ఉన్నప్పుడు శరీరం పట్టించుకోని పదార్థమే సన్నని పొడిగా మారితే శత్రువవుతుంది. మన భక్షక కణాలు ఆ రేణువులను మింగుతాయి, జీర్ణించుకోలేవు. దాంతో అవి విడుదల చేసే రసాయన సంకేతాలు చుట్టూ ఉన్న ఎముకను కరిగిస్తాయి. చార్న్‌లీ టెఫ్లాన్ పొడిని, దానితోపాటు పాలీఇథిలీన్ పొడిని తన తొడలోనే పెట్టించుకుని పరీక్షించుకున్నాడు. కొన్ని నెలల తర్వాత టెఫ్లాన్ ఉన్న చోట గట్టి కణుపులు చేతికి తగిలాయి. 1962 చివరి నుంచి అతను అధిక సాంద్రత పాలీఇథిలీన్‌కు మారాడు. తన రోగులకు తానే మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేసి, వాడిన గిన్నెలను తీయవలసి వచ్చింది. అంత ధైర్యం, అంత నిజాయితీ అరుదు. కానీ ఆ 300 మంది పడిన బాధను కూడా మనం ఈ కథలోంచి తీసేయకూడదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. టెఫ్లాన్‌లో మృదులాస్థికి ఉన్న ఏ లక్షణం ఉంది, ఏది లేదు? జారుడుగుణం ఉంది. నీరు లేదు. బరువు మొత్తం ఘనపదార్థం మీదే పడింది.

నీరున్న ప్లాస్టిక్

నీరున్న పాలిమర్ కోసం మనం మరో దేశానికి, మరో అవసరానికి వెళ్లాలి. 1960లో చెకోస్లొవాకియాకు చెందిన ఒట్టో విచ్‌టర్లె, ద్రహొస్లావ్ లిమ్ నీటిని పీల్చుకుని ఉబ్బి, అందులో కరగని పాలిమర్ జెల్‌లను శరీరంలో వాడవచ్చని ప్రతిపాదించారు. మెత్తని కాంటాక్ట్ లెన్సులు వాటి నుంచే పుట్టాయి. విచ్‌టర్లె ఇంట్లో పిల్లల ఆట సామానుతో కట్టిన యంత్రం మీద తొలి లెన్సులను పోతపోశాడు. ఇలాంటి పదార్థాలను హైడ్రోజెల్‌లు అంటారు. నీటిని ఇష్టపడే పొడవైన అణువుల గొలుసులు, అవి విడిపోకుండా అక్కడక్కడా ముడులు. నిర్మాణం చూస్తే మృదులాస్థికి దూరపు చుట్టమే.

మృదులాస్థి కోసం ఎక్కువగా వాడినది పాలీవినైల్ ఆల్కహాల్. వడ్రంగులు చెక్కకు పూసే తెల్ల జిగురులోని ముఖ్య పదార్థం పాలీవినైల్ ఎసిటేట్. దాన్ని జలవిశ్లేషణ చేస్తే ఈ ఆల్కహాల్ వస్తుంది. దాని ద్రావణాన్ని గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే గొలుసులు అక్కడక్కడా దగ్గరగా సర్దుకుని చిన్న స్ఫటికాలవుతాయి. ఆ స్ఫటికాలే ముడులు. విషపూరితమైన రసాయనం ఏదీ కలపకుండానే రబ్బరులా సాగే తడి జెల్ తయారవుతుంది.

ఈ జెల్‌తో చేసిన చిన్న బిరడా వంటి ఇంప్లాంటును కాలి బొటనవేలి కీలు అరుగుదలకు వాడటానికి 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. దాని పేరు కార్టివా. అంతవరకూ ఆ కీలు బాగా అరిగితే ఎముకలు రెండింటినీ కలిపి బిగించేయడమే ప్రధానమైన చికిత్స. నొప్పి పోతుంది కానీ వేలు వంగదు. కాబట్టి కదలిక నిలిపే ఇంప్లాంటుకు మంచి ఆదరణ దొరికింది. కానీ చాలామందిలో వాడాక కొందరికి బిరడా ఎముకలోకి కుంగిపోయింది, నొప్పి తిరిగివచ్చింది, మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అలాంటి కేసులు ఊహించినదానికంటే ఎక్కువ కావడంతో 2024 అక్టోబరులో తయారీదారే దాన్ని వెనక్కి పిలిపించారు. ఈసారి లోపం ఎక్కడ? జెల్‌కు నీరుంది, జారుడుగుణం ఉంది. కానీ అది ఎముకతో అతుక్కోదు. రంధ్రంలో బిగుతుగా కూర్చోవడమే దానికున్న ఆధారం. సహజ మృదులాస్థి అలా కూర్చోదు. సున్నం చేరిన ఒక మధ్య పొర ద్వారా ఎముకలోకి వేళ్లూనినట్టు దిగి ఉంటుంది.

మరో లోపం బలానిది. మామూలు హైడ్రోజెల్ పెళుసుగా ఉంటుంది, పగులు మొదలైతే ఆగదు. 2003లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం దీనికి ఒక తెలివైన ఉపాయం కనిపెట్టింది. ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు వలలు. మొదటిది బిగువైనది, పెళుసైనది. రెండోది వదులైనది, సాగేది. బలం పడినప్పుడు మొదటి వలలోని బంధాలు తెగుతూ శక్తిని మింగేస్తాయి. రెండోది మొత్తాన్ని చీలిపోకుండా పట్టి ఉంచుతుంది. 90 శాతం నీరే ఉన్న ఆ జెల్ దాదాపు 17 మెగాపాస్కల్ సంపీడనం దాకా తట్టుకుంది. మనం మొదట వేసిన లెక్కలోని 1.8తో పోల్చి చూడండి.

ఆ తరువాత అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ వైలీ, కెన్ గాల్ బృందం కొల్లాజెన్ వలకు బదులు బాక్టీరియా తయారుచేసే సెల్యులోజ్ తంతువులను వాడింది. కొబ్బరినీళ్లను పులియబెట్టి చేసే నాటా డి కోకో అనే తినుబండారం ఈ సెల్యులోజే. ఆ తంతువుల నడుమ పాలీవినైల్ ఆల్కహాల్ నింపి, ఈసారి గడ్డకట్టించడానికి బదులు వేడిచేసి స్ఫటికాలు పెంచారు. 2022లో వారు ప్రకటించిన ప్రకారం ఈ పదార్థం తన్యత బలంలో సహజ మృదులాస్థి కంటే 26 శాతం, సంపీడన బలంలో 66 శాతం ఎక్కువ. అరుగుదలను మూడు రెట్లు బాగా తట్టుకుంది. ఎముకతో అతుక్కోని సమస్యకు వారు వెతికిన దారి, జెల్‌ను టైటానియం పీఠానికి బిగించడం. టైటానియంలోకి ఎముక పెరుగుతుంది కాబట్టి పీఠం కదలదు. నా ఉద్దేశంలో ఆ శాతాల కంటే ఈ పీఠమే ముఖ్యమైన ముందడుగు. వార్తల్లో మాత్రం శాతాలే పతాక శీర్షికలయ్యాయి.

తాను తప్పుకునే పదార్థం

ఇంతవరకూ చూసినవన్నీ మృదులాస్థి స్థానంలో శాశ్వతంగా ఉండవలసినవి. దీనికి పూర్తిగా భిన్నమైన ఆలోచన ఇంకొకటి ఉంది. స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగు కట్టడం మీరు చూసే ఉంటారు. కాంక్రీటు గట్టిపడేదాకా అది బరువు మోస్తుంది, తరువాత దాన్ని తీసేస్తారు. ముందే తీస్తే స్లాబు కూలుతుంది. శరీరంలో కూడా ఇలాగే కొంతకాలం కణాలకు ఆధారంగా ఉండి, తరువాత తనంతట తాను కరిగిపోయే పదార్థాన్ని పెట్టవచ్చు. పాలీలాక్టిక్ ఆమ్లం, పాలీగ్లైకాలిక్ ఆమ్లం ఇలాంటివే. ఆపరేషన్‌లో వేసే కరిగే కుట్లకు కూడా ఇవే వాడతారు. 1997లో అమెరికాలో ఈ పాలిమర్లతో మనిషి చెవి ఆకారం చేసి, దాని మీద ఆవు మృదులాస్థి కణాలు నాటి, ఒక ఎలుక వీపు చర్మం కింద పెంచారు. ఆ ఫొటో చూసి ప్రపంచం బెదిరిపోయింది. చెవి ఆకారం నిలపడం ఒక ఎత్తు, అడుగడుగునా బరువు మోసే మోకాలు మరొక ఎత్తు.

ఆధారం కరిగే వేగం, కొత్త కణజాలం పెరిగే వేగం సరిపోవాలి. ఈ లెక్క కుదరడం చాలా కష్టం. పైగా కొత్త కణజాలం పక్కనున్న పాత మృదులాస్థితో కలవాలి, లేకపోతే ఆ అంచే మళ్లీ పగులుగా మారుతుంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ ఎలిసెఫ్ బృందం ఈ అంచు మీదే దృష్టి పెట్టింది. మృదులాస్థిలో సహజంగా ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్‌ను రసాయనికంగా మార్చి, ఒక వైపు కణజాలంతోను, మరో వైపు హైడ్రోజెల్‌తోను బంధాలు కట్టే జిగురుగా మలిచింది. 2013లో ప్రచురించిన తొలి మానవ పరీక్షలో 15 మందికి మైక్రోఫ్రాక్చర్‌తోపాటు ఈ జిగురు, జెల్ వాడారు. ముగ్గురికి మైక్రోఫ్రాక్చర్ మాత్రమే చేశారు. జెల్ పెట్టినవారిలో గుంట మెరుగ్గా నిండింది. కానీ ముగ్గురితో పోల్చి ఏ నిర్ణయమూ చేయలేమని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

హొక్కైడో జెల్ కూడా ఈ దారిలో ఒక వింత చూపించింది. కుందేలు మోకాలిలో గుంటను జెల్‌తో పైదాకా నింపకుండా, అడుగున మాత్రమే పెట్టి పైన కొద్ది మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే, ఆ ఖాళీలో కొన్ని వారాల్లో కాచాభ మృదులాస్థి దానంతట అదే పెరిగింది. కణాలు నాటలేదు, మందు కలపలేదు. 2024లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ స్టుప్ బృందం మార్చిన హైలురానిక్ ఆమ్లాన్ని, పెరుగుదలను ప్రేరేపించే ఒక సహజ ప్రోటీన్‌ను పట్టి ఉంచే పెప్టైడును కలిపి గొర్రెల వెనుక కాలి కీళ్లలో పరీక్షించింది. ఆరు నెలల తర్వాత రెండో రకం కొల్లాజెన్ ఉన్న కొత్త కణజాలం కనిపించింది. కుందేలు కంటే గొర్రె ఎందుకు ముఖ్యం? కుందేలు మృదులాస్థి బాగా పలుచన, మానే శక్తి ఎక్కువ, మోసే బరువు తక్కువ. గొర్రె కీలు మన మోకాలికి దగ్గరగా ఉంటుంది, మానడంలోనూ మనలాగే మొండికేస్తుంది.

మీ ఇంటి పెద్దల సంగతికి తిరిగి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో 52.8 కోట్ల మంది కీళ్ల అరుగుదలతో జీవిస్తున్నారు. అందులో 36.5 కోట్ల మందికి అది మోకాలిలోనే. పైన చెప్పిన పదార్థాల్లో చాలావరకు వారి కోసం చేసినవి కావు. ఆటల్లోనో, ప్రమాదంలోనో దెబ్బతగిలి, మిగతా కీలు బాగుండి, ఒకచోట గుంట పడినవారి కోసం చేసినవి. అరుగుదల వ్యాధిలో మృదులాస్థి ఒక్కటే కాదు, ఎముక, కీలు పొర, లోపలి ద్రవం అన్నీ మారిపోతాయి. గోడంతా చెమ్మ పట్టినప్పుడు ఒక పెచ్చు పూడిస్తే ఏం లాభం? మోకాలిలో వేసే హైలురానిక్ ఆమ్లం ఇంజెక్షన్‌ను "గుజ్జు ఇంజెక్షన్" అని కొన్నిచోట్ల అంటారు. అది ద్రవానికి జిగట పెంచడానికి ఉద్దేశించిన మందు, పోయిన మృదులాస్థిని తిరిగి పెంచేది కాదు. ఇంట్లో ఎవరైనా అడిగితే ఈ తేడా మీరు వివరించగలగాలి.

మన దేశానికి సంబంధించి మరొక విషయం. మోకాలి ఇంప్లాంట్ల అరుగుదలను పరీక్షించే ప్రామాణిక యంత్రాలు ప్రధానంగా నడకను అనుకరిస్తాయి. మన ఇళ్లలో బాసింపట్టు వేసుకుని నేల మీద భోజనం చేస్తారు, పొలంలో గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీస్తారు. అలా పూర్తిగా వంగిన మోకాలిలో బలం పడే చోటు వేరు, పడే తీరు వేరు. నడకలో నిలిచిన పదార్థం కలుపు మొక్కల మధ్య నిలుస్తుందని దానంతట అదే రుజువైనట్టు కాదు.

సాధన

కింది ఊహాజనిత ప్రకటనను చదివి, మీ సమాధానాన్ని ఒక పేజీలో రాయండి. "మా కొత్త హైడ్రోజెల్ 100 మెగాపాస్కల్ సంపీడనాన్ని తట్టుకుంటుంది. కుందేళ్లలో ఎనిమిది వారాల పాటు విజయవంతంగా పరీక్షించాం. అరిగిన మోకాళ్లకు ఇదే పరిష్కారం." ఇందులో నీటి పాత్ర, అరిగిన పొడి, ఎముకతో అతుకు, పరీక్షించిన జంతువు, పరీక్షా కాలం, ఉద్దేశించిన రోగులు అన్న అంశాల్లో దేని గురించి సమాచారం ఉంది, దేని గురించి లేదు? లేని సమాచారాన్ని రాబట్టడానికి ఆ సంస్థను మీరు ఏమేం అడుగుతారు? టెఫ్లాన్, కార్టివా అనుభవాలను మీ సమాధానంలో ఉదాహరణలుగా వాడండి.